పాల కొవ్వు మీది పొర, అందులో లాక్టాడ్హెరిన్: సగం నిజం ఎక్కడుంది?

నమస్తే అండీ. పాల కొవ్వులో లాక్టాడ్హెరిన్ అనే ఒక ప్రోటీన్ ఉంది, అది ఒంట్లోకి వెళ్తే ఇమ్యూనిటీ, గుండె, మెదడు అన్నీ బాగుపడతాయని వీడియోలు తెగ తిరుగుతున్నాయి కదా, అందులో సగం నిజం ఉంది, ఆ సగం ఏదో చూద్దాం.

పాలలో కొవ్వు చిన్నచిన్న గోళాలుగా తేలుతుంటుంది, ఒక్కోటి సగటున 4 మైక్రోమీటర్లు. పాలు తయారుచేసే కణంలోంచి ఆ గోళం ఊరికే జారి రాదు, వస్తూ వస్తూ ఆ కణం పైపొరనే చుట్టుకుని వస్తుంది. ఆ పొర మీద ఉండే ప్రోటీన్లలో ఒకటే ఈ లాక్టాడ్హెరిన్.

ఇది మన ఒంట్లో కూడా తయారవుతుంది, అక్కడ ఇది చేసే పని గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. కణం చనిపోయేటప్పుడు, మామూలుగా పొర లోపలివైపు ఉండే ఫాస్ఫాటిడిల్ సెరీన్ అనే కొవ్వు పదార్థం బయటికి తేలుతుంది. లాక్టాడ్హెరిన్ ఒక కొసతో దాన్ని అంటుకుని, రెండో కొసతో, చెత్తని మింగేసే రక్షక కణమైన మాక్రోఫేజ్‌ని పట్టుకుంటుంది, అంతే, మాక్రోఫేజ్ ఆ చచ్చిన కణాన్ని మింగేస్తుంది. 2002లో జపాన్‌లో షిగెకాజు నగాటా బృందం బయటపెట్టిన విషయం ఇది. ఈ ప్రోటీన్ లేకుండా పుట్టించిన ఎలుకల్లో చచ్చిన కణాలు ప్లీహంలో అలాగే మిగిలిపోయాయి, సొంత శరీరం మీదే యాంటీబాడీలు తయారయ్యాయి, కిడ్నీలు దెబ్బతిన్నాయి, అచ్చం లూపస్ అనే జబ్బు‌లాగా!

పసిపిల్లల విషయంలో పాల ద్వారా వచ్చేదానికీ విలువుంది. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో, తల్లిపాలలో లాక్టాడ్హెరిన్ ఎక్కువున్న పిల్లలకి రోటావైరస్ సోకినా విరేచనాల్లాంటి లక్షణాలు కనిపించకపోవడం ఎక్కువగా చూశారు.

మరి పెద్దవాళ్ల సంగతి? ఇక్కడే వీడియోలు గీత దాటుతున్నాయి. తాగిన ప్రోటీన్‌ని కడుపు, పేగులు ముక్కలు చేస్తాయి, అది నేరుగా రక్తంలోకెళ్లి చచ్చిన కణాల్ని ఏరేస్తుందనుకోవడానికి ఆధారం లేదు. స్వీడన్‌లో 2015లో వచ్చిన ట్రయల్ ఒకటుంది, ఎనిమిది వారాలపాటు రోజూ 40 గ్రాముల పాల కొవ్వు ఇచ్చారు, పొర ఉన్న క్రీమ్ తీసుకున్నవాళ్లలో చెడు కొలెస్ట్రాల్ పెరగలేదు, పొర పోయిన బటర్ ఆయిల్ తీసుకున్నవాళ్లలో పెరిగింది. బాగుంది, కానీ అది పొర మొత్తం మీద చేసిన ట్రయల్. అందులో ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వు పదార్థాలున్నాయి, ఇంకా బోలెడు ప్రోటీన్లున్నాయి, ఆ ఘనతంతా లాక్టాడ్హెరిన్ ఖాతాలో వేయడం నాకు నచ్చదు.

ఇంకో సంగతి, ఇది ఎవరూ చెప్పరు: ఇదే ప్రోటీన్ నుంచి తెగిన మెడిన్ అనే ముక్క 50 దాటిన దాదాపు అందరి బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) గోడల్లో పేరుకుని కనిపిస్తుంది. అందుకే ఎక్కువైతే ఇంకా మంచిదనే మాట నమ్మకండి. ఈ పేరుతో ఎవరైనా డబ్బా అమ్మితే, ట్రయల్ పిల్లల మీద చేశారా పెద్దల మీదా, పొర మొత్తం ఇచ్చారా ఈ ఒక్క ప్రోటీనేనా అని అడగండి, జవాబు లేకపోతే కొనకండి.