తీసేస్తే వచ్చిన వేగం: రాకబిల్లీ పాట, హాట్ రాడ్ కారు

అందరికీ నమస్కారం.

రాకబిల్లీ అంటే 1950ల్లో అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్ల బ్లూస్, తెల్లవాళ్ల పల్లెపాట కంట్రీ కలిసి పుట్టిన వేగం పాట. ఇంటర్నెట్‌లో ఆ మాట కొట్టి బొమ్మలు వెతకండి. పాడే మనిషి కంటే ముందు కారు కనిపిస్తుంది. దానికి మడ్‌గార్డులు ఉండవు. పైకప్పు కోసి కిందికి దించి ఉంటారు. బానెట్ లేదు కాబట్టి ఇంజిన్ బయటికి చూస్తూ ఉంటుంది. ఇలా పాత బండిని మార్చి వేగం పెంచినదే హాట్ రాడ్. పక్కన జుట్టుకు బాగా నూనె పట్టించి పైకి దువ్విన కుర్రాడు, చుక్కల గౌను వేసుకున్న అమ్మాయి. ఇంతగా కలిసిపోయిన జంటను చూస్తే కారూ పాటా ఒకే వీధిలో పుట్టి పెరిగాయనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. పాత రికార్డులు వరసపెట్టి విన్నాక ఆ నమ్మకం పోయింది. రెండూ వేరువేరు ఊళ్లలో పుట్టాయి. అప్పుడప్పుడు ఎదురుపడ్డాయి. పెళ్లి మాత్రం పాతికేళ్ల తర్వాత జరిగింది, అదీ చాలావరకు ఇంగ్లండ్ వాళ్ల చేతుల మీదుగా.

ముందు కారు సంగతి. లాస్ ఏంజెలెస్ వెనక కొండలు దాటితే మొహావీ ఎడారి. అక్కడ మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సులున్నాయి. నేల బల్లపరుపుగా, గట్టిగా, కిలోమీటర్ల కొద్దీ అడ్డం లేకుండా ఉంటుంది. 1930ల్లో కుర్రాళ్లు సెలవు రోజున పాత ఫోర్డు కార్లు తోలుకుంటూ అక్కడికి పోయేవారు. ముందు అద్దం, లైట్లు, మడ్‌గార్డులు విప్పి పక్కన పెట్టి, బండిని వీలైనంత తేలిక చేసి, ఎవరు ఎంత వేగం పోతారో లెక్క కట్టుకునేవారు. సాయంత్రానికి అన్నీ మళ్లీ బిగించుకుని అదే బండిలో ఇంటికి. 1937లో అలాంటి క్లబ్బులు కొన్ని కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి.

వాళ్లకు దొరికిన వరం 1932లో ఫోర్డు తెచ్చిన వి-8 ఇంజిన్. అప్పటిదాకా ఎనిమిది సిలిండర్ల బండి అంటే ఎక్కువగా డబ్బున్నవాళ్ల సొత్తే. ఫోర్డు ఎనిమిదింటినీ ఒకే దిమ్మగా పోతపోయించి, మామూలు ఉద్యోగి కొనగలిగే కారులో పెట్టాడు. 221 ఘనపు అంగుళాలు, 65 హార్స్‌పవర్. వాల్వులు పక్కన ఉండి, తలభాగం చదునుగా ఉంటుంది కాబట్టి దాన్ని ఫ్లాట్‌హెడ్ అంటారు. పదిహేనేళ్లకల్లా ఆ బళ్లు తుక్కు దుకాణాల్లో కారుచౌకగా దొరికాయి (ఈ మాటకు ఇంతకంటే తగిన చోటు ఉండదు). ఈలోగా రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. సైన్యంలో మెకానిక్ పని నేర్చుకున్న కుర్రాళ్లు ఇళ్లకు వచ్చారు. 1948 జనవరిలో 'హాట్ రాడ్' అనే పత్రికే మొదలైంది. మన ఊళ్లలో బుల్లెట్‌కు సైలెన్సర్ మార్పించే కుర్రాళ్లు మీకు గుర్తొస్తే తప్పు లేదు. కాకపోతే వీళ్లకు వేగం అసలు, చప్పుడు కొసరు.

ఇక పాట. ఆ ఎడారి నుంచి రమారమి 2,900 కిలోమీటర్ల దూరంలో, మిసిసిపీ నది ఒడ్డున మెంఫిస్ నగరం. 706 యూనియన్ అవెన్యూలో సామ్ ఫిలిప్స్ నడిపే చిన్న స్టూడియో, సన్ రికార్డ్స్. 1954 జులై 5 రాత్రి అక్కడ ముగ్గురున్నారు. కరెంటు పనుల కంపెనీలో ట్రక్కు తోలే పందొమ్మిదేళ్ల ఎల్విస్ ప్రెస్లీ, గిటారుతో స్కాటీ మూర్, మనిషంత ఎత్తున్న డబుల్ బాస్‌తో బిల్ బ్లాక్. ఆర్థర్ క్రూడప్ అనే నల్లజాతి బ్లూస్ గాయకుడి పాట 'దట్స్ ఆల్ రైట్'ను అందుకుని, వేగం పెంచి, ఆడుకుంటున్నట్టు పాడేశారు. డ్రమ్ములు లేవు. కంట్రీ బృందాల్లో మామూలుగా వినిపించే ఫిడేలు లేదు, స్టీల్ గిటారు లేదు. డ్రమ్ము పని బాస్ తీగే చేసింది. బిల్ బ్లాక్ ఆ తీగను లాగి వదిలితే అది చెక్క మీద చెళ్లున తగులుతుంది. స్వరమూ దెబ్బా ఒకే చేతిలోంచి వస్తాయి.

ముగ్గురే ఉంటే పాట పలచగా వినిపించాలి కదా? అక్కడ ఫిలిప్స్ ఒక ఉపాయం పన్నాడు. టేపు యంత్రంలో శబ్దాన్ని నమోదు చేసే హెడ్డు ఒకచోట, తిరిగి వినిపించే హెడ్డు కాస్త అవతల ఉంటాయి. టేపు ఆ కాస్త దూరం నడిచే లోపు సెకనులో చిన్న ముక్క గడుస్తుంది. రెండో యంత్రంలోంచి అలా ఆలస్యంగా వచ్చిన శబ్దాన్ని అసలు శబ్దంలో కలిపేశాడు. గొంతు వెనకే ఇంకో గొంతు తరుముతున్నట్టు ఉంటుంది. దీన్నే స్లాప్‌బ్యాక్ అంటారు. రాకబిల్లీకి ఇదే ముద్ర.

ఇక్కడే నాకు ఈ ఇద్దరి పోలిక కనబడుతుంది. ఎడారిలో కుర్రాడు మడ్‌గార్డు విప్పాడు, మెంఫిస్‌లో కుర్రాడు ఫిడేలు పక్కన పెట్టాడు. పాత సరుకే తీసుకుని, అక్కర్లేదనిపించింది పీకేసి, మిగిలినదాన్ని తన్ని పరుగెత్తించడం. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదిది. చేతిలో డబ్బు లేక, చుట్టూ పాత సామాను ఉన్న చోట ఎవరికైనా తట్టే పనే.

ఆ పోలిక చూసి మెంఫిస్ గాయకులకు కూడా హాట్ రాడ్ల మీద మోజు ఉండేదని మాత్రం అనుకోకండి. వాళ్లు పత్తి చేలల్లోంచి, అద్దె గదుల్లోంచి వచ్చిన పేదపిల్లలు. వాళ్లకు కావలసింది పాత ఫోర్డు కాదు, ఖరీదైన కొత్త కాడిలాక్ కారు. 1955లో ఎల్విస్ 'బేబీ లెట్స్ ప్లే హౌస్' పాడినప్పుడు అసలు పాటలో మతం ప్రస్తావన ఉన్న చోట గులాబీ రంగు కాడిలాక్‌ను తెచ్చి పెట్టాడు. దేవుడి స్థానంలో కారు! కాలిఫోర్నియా కుర్రాడేమో ఆ కాడిలాక్‌ను తుక్కు బండితో దాటేసి ఎగతాళి చేయాలని చూసేవాడు. ఒకరికి కారు అంటే ఎక్కవలసిన మెట్టు, ఇంకొకరికి ఆ మెట్టునే వెక్కిరించే సాధనం.

దక్షిణాదిలో వేగం కార్లు లేవా అంటే, ఉన్నాయి. అది సారా కథ. అపలాచియన్ కొండల్లో దొంగచాటుగా సారా కాచి, రాత్రిపూట లైట్లు ఆర్పి, పోలీసులకు చిక్కకుండా పట్నానికి చేరవేసేవారు. 1940 మోడల్ ఫోర్డు కూపే వాళ్లకు ప్రీతి. పైకి సాదా బండి, లోపల పదును పెట్టిన వి-8. 1948లో మొదలైన నాస్కార్ కారు పందేల తొలితరం డ్రైవర్లలో కొందరు ఆ దారుల్లోనే చేయి తిప్పడం నేర్చారు. ఆ కొండవాళ్లను పట్నం వాళ్లు చులకనగా పిలిచే మాట హిల్‌బిల్లీ. రాక్, హిల్‌బిల్లీ కలిస్తేనే రాకబిల్లీ. కాబట్టి పేరులోని 'బిల్లీ' దగ్గర కొంచెం పెట్రోలు వాసన ఉన్న మాట నిజమే.

పాటలూ కార్లూ నేరుగా ఎదురుపడిన చోట్లు చూద్దాం. 1951లో ఆర్కీ షిబ్లీ పాడిన 'హాట్ రాడ్ రేస్' కంట్రీ చార్టుల్లో బాగా పైకి వెళ్లింది. ఒక ఫోర్డు, ఒక మెర్క్యురీ పంతం పట్టి పరుగెడుతుంటే, ఇంజిన్ మార్పించిన పాత మోడల్-ఏ ఫోర్డులో ఒక కుర్రాడు రెండింటినీ దాటిపోతాడు. కథ అంతే. నాలుగేళ్ల తర్వాత చార్లీ రయన్ దానికి జవాబు పాట కట్టాడు, 'హాట్ రాడ్ లింకన్'. ఆ మోడల్-ఏ తోలింది నేనే, నా కథ వినండి అంటాడు. నాకు నచ్చిన సంగతేమిటంటే, రయన్‌కు నిజంగానే అలాంటి బండి ఉంది. దెబ్బతిన్న 1948 లింకన్ ఛాసిస్‌ను కురచ చేసి, దాని మీద మోడల్-ఏ బాడీ కూర్చోబెట్టాడు. ఇడహోలో లూయిస్టన్ కొండ దారి మీద ఒక కాడిలాక్‌తో పోటీపడిన అనుభవం ఆ పాటకు మూలం. షెడ్డులో చేతికి గ్రీజు అంటించుకున్నవాడే పాట రాశాడు కాబట్టి అందులో విడిభాగాల పేర్లు తప్పు పోవు.

ఇంకా గొప్ప ఉదాహరణ 1955 నాటి 'మేబెలిన్'. దాన్ని పాడిన చక్ బెర్రీని రాకబిల్లీ గాయకుడని అనలేం. నల్లజాతివాడు, చికాగోలోని చెస్ కంపెనీకి పాడాడు. కానీ ఆ పాట కంట్రీ బాణీని తీసుకుని వేగం పుట్టించింది, రాకబిల్లీ వాళ్లందరూ దాన్ని సొంతం చేసుకున్నారు. వి-8 ఫోర్డులో ఒకడు, కాడిలాక్ కూపే డివిల్‌లో పోతున్న ప్రియురాలిని తరుముతాడు. మధ్యలో ఇంజిన్ వేడెక్కిపోతుంది. అప్పుడే వాన పడుతుంది, బానెట్ కిందికి నీళ్లు చేరతాయి, బండి తేరుకుంటుంది, కొండ మీద ఆమెను అందుకుంటాడు. వినేవాళ్లకు అది కవి చమత్కారం అనిపిస్తుంది. ఫ్లాట్‌హెడ్ తోలినవాడు మాత్రం తల ఊపుతాడు. ఆ ఇంజిన్‌లో కాలిన పొగ పోయే దారి సిలిండర్ల మధ్య నుంచి, దిమ్మ లోపలి నుంచే ఉంటుంది. ఆ వేడంతా చుట్టూ తిరిగే నీళ్లకు ఎక్కుతుంది. ఎండాకాలం ఎత్తు ఎక్కితే మరిగి ఆగిపోతుందని దానికి పేరు. పాటలో ఫోర్డు ఏ ఏడాదిదో చెప్పలేదు, కానీ వాన కోసం ఎదురుచూసే ఇంజిన్ ఏదో తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

రంగుల సంగతి ఒక్క మాటలో. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఫెండర్ కంపెనీ గిటార్లకు వేసిన ప్రత్యేక రంగులు డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తయారుచేసినవే. ఫియెస్టా రెడ్ ఫోర్డు థండర్‌బర్డ్‌ది, లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్‌ది. గిటారును కారులా మెరిపించాలన్న కోరిక అప్పటికే పుట్టింది.

సరే, మరి పెళ్లి ఎప్పుడు? 1963లో హాట్ రాడ్ పాటలు అమెరికాను ముంచెత్తినప్పుడు పాడింది రాకబిల్లీ వాళ్లు కాదు. కాలిఫోర్నియా బృందం బీచ్ బాయ్స్ వచ్చి 1932 ఫోర్డు మీద 'లిటిల్ డ్యూస్ కూపే' పాడారు, నున్నటి బృందగానంలో. అప్పటికి ఎల్విస్ సినిమాల్లో పడ్డాడు. రాకబిల్లీ గాయకుడు ఎడ్డీ కాక్రన్ చనిపోయాడు. 1960 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో కచేరీలు ముగించుకుని తిరిగివస్తుంటే, చిప్పెన్‌హామ్ దగ్గర అద్దె కారు స్తంభాన్ని గుద్దుకుంది. అదే కారులో ఉన్న ఇంకో రాకబిల్లీ గాయకుడు జీన్ విన్సెంట్ గాయాలతో బయటపడ్డాడు. అమెరికా వాళ్లిద్దర్నీ తొందరగానే మరిచిపోయింది. ఇంగ్లండ్ మరవలేదు. అక్కడి టెడ్డీ బాయ్స్, అంటే పాత రాక్ పాటలంటే పడిచచ్చే కుర్రాళ్లు, ఆ రికార్డులను 1970ల్లో కూడా అరిగేదాకా వేసుకున్నారు.

అందుకే న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో పుట్టిన స్ట్రే క్యాట్స్ బృందం 1980లో అవకాశం వెతుక్కుంటూ లండన్ విమానం ఎక్కింది. అక్కడ పేరొచ్చాకే సొంత దేశం వాళ్లను గుర్తించింది. 1982లో అమెరికాలో విడుదలైన వాళ్ల ఆల్బమ్ పేరు 'బిల్ట్ ఫర్ స్పీడ్', అంటే షెడ్డు భాష. అది చార్టుల్లో రెండో స్థానం దాకా వెళ్లింది. బృంద నాయకుడు బ్రయన్ సెట్జర్ కాక్రన్ వాయించిన రకం నారింజ రంగు గ్రెచ్ గిటారు పట్టుకున్నాడు, హాట్ రాడ్ పక్కన నిలబడ్డాడు, ఒంటి మీద పచ్చబొట్లు. ఇవాళ మనం చూసే బొమ్మ అక్కడ తయారైంది.

ఆ తర్వాత దెబ్బ తిరిగి కారు మీద పడింది. 1980ల్లో హాట్ రాడ్ అంటే ఫైబర్‌గ్లాస్ బాడీ, లేత రంగు, మెరిసే అల్యూమినియం చక్రాలు, ఏసీ. డబ్బున్న పెద్దమనుషుల బండి. 1990ల్లో రాకబిల్లీ కచేరీలకు వెళ్లే కుర్రాళ్లకు అది రుచించలేదు. పాట 1955 లాగా ఉంటే కారు కూడా అలాగే ఉండాలన్నారు. మళ్లీ తుక్కు దుకాణాలకు వెళ్లి ఫ్లాట్‌హెడ్‌లు వెతికారు, సన్నటి పాతరకం టైర్లు వేశారు, పై రంగు వేయకుండా ప్రైమర్‌తోనే వదిలేశారు. పాటను బట్టి ఇంజిన్‌ను ఎంచుకోవడం అంటే అదే. 1998లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన టామ్ ఇన్‌గ్రామ్ లాస్ వెగాస్‌లో మొదలుపెట్టిన రాకబిల్లీ వీకెండ్‌లో పాటలెంతో కార్ల ప్రదర్శనా అంతే. అక్కడ 1960ల తొలినాళ్ల తర్వాతి కారుకు చోటు లేదు.

ఇందులో నాకు నవ్వు తెప్పించేది ఒకటుంది. పేదరికంలోంచి వచ్చిన తుప్పును ఇప్పుడు డబ్బిచ్చి వేయించుకుంటున్నారు. కోపం తెప్పించేది ఇంకొకటుంది. స్వీడన్‌లో అమెరికన్ కార్లు పెంచుకునే రగ్గరేల కార్ల మీదా, కొన్ని రాకబిల్లీ కూటముల్లోనూ కాన్ఫెడరేట్ జెండా కనిపిస్తుంది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి యుద్ధం చేసిన రాష్ట్రాల జెండా అది. క్రూడప్ పాటతో మొదలైన సంగీతం పక్కన దాన్ని ఎగరేసేవాళ్లు ఏం వింటున్నారో నాకు అర్థం కాదు. లాస్ ఏంజెలెస్‌లో నేడు ఈ సంగీతాన్ని మోస్తున్న అభిమానుల్లో చాలామంది మెక్సికన్ మూలాల వాళ్లని ఆ జెండా పట్టుకున్నవాళ్లకు ఎవరైనా చెబితే బాగుండు.

చివరికి ఇంకో కారు దగ్గరికి వస్తాను. 1949లో ఓల్డ్స్‌మొబిల్ కంపెనీ కొత్త వి-8 తెచ్చింది, పేరు రాకెట్. ఆ ఇంజిన్ పెట్టిన 88 మోడల్ మీద 1951 మార్చిలో, ఎల్విస్ ఇంకా బడిలో ఉండగా, ఫిలిప్స్ స్టూడియోలోనే ఒక పాట రికార్డయింది. మిసిసిపీ నుంచి వచ్చిన ఐక్ టర్నర్ బృందం అది, పాడింది జాకీ బ్రెన్‌స్టన్. పాట పేరు 'రాకెట్ 88'. అదే ఏడాది తెల్లవాళ్ల కంట్రీ బృందంతో బిల్ హేలీ కూడా దాన్ని పాడాడు. రాకబిల్లీకి తొలి అడుగు అదేనని కొందరంటారు.

అయితే నేను వినిపించబోయేది బ్రెన్‌స్టన్ రికార్డు. మెంఫిస్‌కు వచ్చే దారిలో వాళ్ల గిటారు యాంప్లిఫయర్ దెబ్బతింది, లోపలి స్పీకర్ చిరిగింది. కొత్తది తెచ్చే వీలు లేదు. ఫిలిప్స్ ఆ చిరుగులో కాగితం కుక్కి, వాయించండి అన్నాడు. మూడు నిమిషాలు కూడా ఉండదు. సాక్సోఫోన్ వెంట పోకండి. అడుగున గిటారు గరగరమంటూ ఉంటుంది, దాని మీద చెవి పెట్టండి. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి.