మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ స్టార్ పార్టీ: టికెట్ కొనే ముందు ఈ వీడియో చూడండి

నమస్కారం అండీ. టెక్సస్‌లో ఉన్న మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న: ఫోర్ట్ డేవిస్ దగ్గర మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీలో స్టార్ పార్టీ, అంటే జనానికి రాత్రి ఆకాశాన్ని టెలిస్కోపులతో చూపించే కార్యక్రమం, జరుగుతుంది కదా, డాలస్ నుంచి ఏడెనిమిది గంటలు కారు నడుపుకుని వెళ్లడం దండగ కాదా అని. దండగ కాదు. అమెరికాలో మామూలు జనానికి తలుపులు తెరిచిన అబ్జర్వేటరీల్లో ఇంత మంచి చీకటి ఉన్నవి తక్కువ. కానీ తేదీ తప్పు ఎంచుకుంటే మాత్రం ఆ ఏడెనిమిది గంటలూ వృథానే. అందుకే ముందు తేదీ సంగతి చెప్పి, ఆ తర్వాతే టెలిస్కోపుల దగ్గరికి వెళ్దాం.

స్టార్ పార్టీలు మామూలుగా మంగళ, శుక్ర, శనివారాల్లో ఉంటాయి. సెలవుల సీజన్‌లో రోజులు పెంచుతారు. పౌర్ణమి అయినా కార్యక్రమం ఆపరు, టికెట్లూ అమ్ముతారు. నిండు చంద్రుడుంటే పాలపుంత కనపడదు, గెలాక్సీలు దాదాపు మాయమైపోతాయి. కాబట్టి అబ్జర్వేటరీ క్యాలెండర్ తెరిచే ముందు మన పంచాంగం తెరవండి. బహుళ అష్టమి దాటిన దగ్గర్నుంచి అమావాస్య వరకు చంద్రుడు అర్ధరాత్రి తర్వాతే ఉదయిస్తాడు, అప్పటికి కార్యక్రమం అయిపోతుంది. అమావాస్య తర్వాత శుద్ధ తదియ దాకా కూడా ఫరవాలేదు, సన్నటి నెలవంక తొందరగానే అస్తమిస్తుంది. పైగా ఆ కాసేపట్లో టెలిస్కోపులో చంద్రుడి మీది గోతులు, వాటి నీడలు అద్భుతంగా కనిపిస్తాయి. ఇండియా పంచాంగం చూస్తే తిథి ఇక్కడ ఒక రోజు అటూ ఇటూ అవ్వచ్చు. దాంతో పెద్ద నష్టం లేదు.

ఇక నెల. పాలపుంత నడిబొడ్డు సాయంత్రం పూట బాగా కనిపించేది జూన్ నుంచి సెప్టెంబరు వరకు. చిక్కేంటంటే, జూలై ఆగస్టుల్లో పశ్చిమ టెక్సస్ కొండల మీద వానాకాలం. మధ్యాహ్నం మొదలైన ఉరుములు, మబ్బులు ఒక్కోసారి రాత్రి దాకా వదలవు. మా ఓటు అక్టోబరుకే. అప్పటికి గాలి తేటపడుతుంది, చీకటి త్వరగా పడుతుంది, పాలపుంత నడిబొడ్డు కూడా పొద్దుగూకాక కాసేపు నైరుతి దిక్కున ఉంటుంది. మబ్బు పట్టినా కార్యక్రమం రద్దు కాదు, లోపల కూర్చోబెట్టి చెబుతారు. వాళ్లు బాగానే చెబుతారు, కానీ అంత దూరం వెళ్లేది దానికి కాదు కదా. కుదిరితే రెండు రాత్రులకి ప్లాన్ చేసుకోండి. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. చీకటి వారాంతాలు వారాల ముందే అయిపోతాయి.

తర్వాత గడియారం. ఫోర్ట్ డేవిస్ సెంట్రల్ టైమ్‌లోనే ఉంది, కానీ బాగా పడమటి కొసన. అందుకని జూన్ చివర్లో అక్కడ సూర్యాస్తమయం రాత్రి 9 గంటలకి అవుతుంది, పూర్తి చీకటికి పదిన్నర. చిన్నపిల్లలుంటే ఈ లెక్క ముందే వేసుకోండి. అదే నవంబరు రెండో వారంలో ఆరింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. ఇంకొకటి, ఎల్ పాసోకి విమానంలో వచ్చి అక్కడ కారు అద్దెకి తీసుకునేవాళ్లు జాగ్రత్త. ఎల్ పాసో మౌంటెన్ టైమ్‌లో ఉంది. తూర్పుకి వస్తుంటే దారిలో ఒక గంట పోతుంది. ఆ లెక్క మర్చిపోతే, మీరు చేరేసరికి కార్యక్రమం సగంలో ఉంటుంది.

ఫోర్ట్ డేవిస్ ఊరి నుంచి హైవే 118 మీద అబ్జర్వేటరీ 16 మైళ్లు. కొండ మలుపులు, అరగంట పెట్టుకోండి. పెట్రోల్ ఊళ్లోనే నింపుకోవాలి. ఫోన్ సిగ్నల్‌ని నమ్మొద్దు, టికెట్‌నీ మ్యాప్‌నీ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రాత్రి తిరుగుదారిలో జింకలు, అడవిపందుల్లాంటి జావెలీనాలు రోడ్డు మీదికి వస్తాయి, నెమ్మదిగా నడపండి. శాకాహారులు ఒక పులిహోర డబ్బా పెట్టుకుంటే నిశ్చింత, ఆ చిన్న ఊళ్లో హోటళ్లు పెందలాడే మూసేస్తారు. ఎత్తు 6,000 అడుగుల పైమాటే. డాలస్‌లో చెమటలు పట్టే రోజున కూడా అక్కడ రాత్రికి జాకెట్ కావాలి. చలికాలమైతే టోపీ, గ్లవ్స్, మందపాటి సాక్సులు. రెండు గంటలు కదలకుండా నిలబడితే ముందు పాదాలకే చలి తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, వెలుతురు. కన్ను చీకటికి అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. రెటీనాలో చీకటి చూపునిచ్చే కణాల్లో రొడాప్సిన్ అనే పదార్థం మెల్లగా పోగవ్వాలి. ఒక్కసారి ఫోన్ స్క్రీన్ వెలిగిందంటే మీదే కాదు, పక్కన నలుగురి అరగంటా గోవిందా. మసక ఎర్ర లైటు మాత్రమే వాడండి. ఎరుపు ఆ కణాలకి పెద్దగా తగలదు. కారు ఆపే ముందు ఆటోమేటిక్ హెడ్‌లైట్లు ఎలా ఆర్పాలో తెలుసుకోండి. అద్దె కార్లతో గొడవంతా ఇక్కడే వస్తుంది. డిక్కీ తెరిస్తే లైటు వెలుగుతుంది కాబట్టి జాకెట్లు ముందే బయటికి తీసి పెట్టుకోండి. పిల్లల లైట్ల బూట్లు హోటల్లోనే వదిలేయండి.

కార్యక్రమం నక్షత్రరాశుల పరిచయంతో మొదలవుతుంది. బయట మెట్ల మీద కూర్చుంటే, ఆకుపచ్చ లేజర్‌తో ఆకాశంలో గీత గీసినట్టు చూపిస్తారు. మా దృష్టిలో మొత్తంలో మంచి భాగం ఇదే, చాలామంది ఇది అయ్యేలోపే టెలిస్కోపుల క్యూ వైపు లేస్తారు. లేవకండి. మీ పిడికిలి చేయి చాచి చూస్తే సుమారు 10 డిగ్రీలు. హైదరాబాద్‌లో ధ్రువనక్షత్రం దిగంతం నుంచి రెండు పిడికిళ్ల ఎత్తుకి లోపే, అబ్జర్వేటరీ దగ్గర మూడు. అగస్త్య నక్షత్రానిది దీనికి తిరగబడ్డ కథ. ఫిబ్రవరి రాత్రి హైదరాబాద్‌లో దక్షిణాన రెండు పిడికిళ్ల ఎత్తుకి వస్తుంది, ఇక్కడ పిడికిలిలో మూడింట రెండు వంతులే. రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశంగా ఉండే సిరియస్ నక్షత్రం నుంచి నేరుగా కిందికి, దిగంతం దగ్గర వెతకండి. డాలస్‌లో ఇంకా కిందికి దిగి, ఊరి వెలుగులో కలిసిపోతుంది.

టెలిస్కోపుల దగ్గర ఆశలు సరైన చోట పెట్టుకోవాలి. శని వలయాలు, గురుడి పట్టీలు, నక్షత్ర గుచ్ఛాలు చూడగానే నచ్చుతాయి. ఆండ్రోమెడా గెలాక్సీ మాత్రం బూడిదరంగు మసకే. ఫోటోల్లో రంగులు కెమెరా నిమిషాలూ గంటలూ వెలుగు పోగేయడం వల్ల వచ్చాయి. మన కంటికి అంత మసక వెలుగులో రంగు తెలియదు. సూటిగా కాకుండా కొంచెం పక్కకి చూడండి, ఆ మసక పెద్దదవుతుంది, అంచులు తేలతాయి. ఆ వెలుగు 25 లక్షల సంవత్సరాల కిందట బయల్దేరింది.

ఐపీస్‌కి, అంటే టెలిస్కోపులో కన్ను పెట్టి చూసే భాగానికి, కన్ను ఆనించకండి, ఒక సెంటీమీటరు దూరంలో ఉంచి మెల్లగా జరుపుకోండి. నల్లగా ఉందంటే కన్ను వరసలో లేదనే అర్థం, పట్టుకుని తిప్పితే టెలిస్కోపు గురి తప్పుతుంది. దగ్గరచూపు మాత్రమే ఉన్నవాళ్లు కళ్లద్దాలు తీసి, ఫోకస్ మార్చమని అక్కడున్నవాళ్లని అడగొచ్చు. ఆస్టిగ్మాటిజం ఎక్కువగా ఉంటే అద్దాలతోనే చూడాలి. పిల్లలకి ఒక కన్ను మూయడం రాకపోతే అరచేత్తో కప్పండి. పెద్ద క్యూ చివర్లో పలచబడుతుంది, దానికోసం మొదట్లోనే తోసుకోనక్కర్లేదు.

పగలు కూడా వెళ్లండి. గైడెడ్ టూర్‌లో సూర్యుణ్ని చూపిస్తారు. 1939లో మొదలైన 82 అంగుళాల ఓటో స్ట్రూవ్ టెలిస్కోపు అప్పట్లో ప్రపంచంలో రెండో అతి పెద్దది. శని ఉపగ్రహం టైటాన్ మీద మీథేన్ ఉందని 1944లో ఖగోళ శాస్త్రవేత్త కైపర్ కనిపెట్టింది దీంతోనే. 107 అంగుళాల హార్లన్ స్మిత్ టెలిస్కోపు అద్దం మీద 1970లో ఒక ఉద్యోగి తుపాకీ పేల్చాడు. గుంటలు పడ్డాయి కానీ పోయిన వెలుగు ఒక శాతం పాటిదే, అద్దం ఇప్పటికీ పనిచేస్తోంది. హాబీ-ఎబర్లీ అనే టెలిస్కోపుది ఇంకో తీరు. 91 షట్కోణపు ముక్కల అద్దం ఎప్పుడూ 55 డిగ్రీల ఎత్తుకే చూస్తూ చుట్టూ మాత్రం తిరుగుతుంది, నక్షత్రం కదలికని పైనున్న పరికరం వెంబడిస్తుంది. అందుకే ఖర్చు బాగా తగ్గింది, అయినా అక్కడి ఆకాశంలో సుమారు 70 శాతం దానికి అందుతుంది.

రాత్రి ఈశాన్యం వైపు దిగంతం మీద ఒక వెలుగు పొర గమనించండి, అది పెర్మియన్ బేసిన్ అనే ప్రాంతంలోని చమురు బావులది. లైట్లకి తొడుగులు వేసి కిందికి తిప్పమని అబ్జర్వేటరీ వాళ్లు కంపెనీలతో ఏళ్లుగా పనిచేస్తున్నారు. మన ఇంటి వెనక లైటుకైనా ఆ తొడుగు వేయచ్చు.

స్టార్ పార్టీ ఒకసారి చూసేసినవాళ్లు మళ్లీ వెళ్తే, పెద్ద టెలిస్కోపులకి కన్ను పెట్టి చూసే ప్రత్యేక రాత్రులు వేరుగా ఉంటాయి, వాటికి బుక్ చేసుకోండి. సీట్లు చాలా తక్కువ, వయసు నిబంధన చదివాకే పిల్లల పేర్లు రాయండి.