పాత రేడియో పెట్టె: కంపెనీ మార్పా, తర్వాత ఎవరో చేసిందా?

[తెర మీద: జుమెరాత్ బజార్‌లో నేల మీద పరిచిన సామాను, మధ్యలో తెల్ల రంగు వాల్వ్ రేడియో]

గురువారం హైదరాబాద్ జుమెరాత్ బజార్‌కి వెళ్తే మీకు ఇలాంటి వాల్వ్ రేడియో, అంటే ట్రాన్సిస్టర్లకి ముందు గాజు వాల్వులతో నడిచిన రేడియో, కనబడిందనుకోండి. గోధుమ రంగులో మీరెరిగిన మోడలే, ఇక్కడ తెల్లగా ఉంది. అమ్మేవాళ్లు "కంపెనీ రంగే భయ్యా" అంటారు. పక్కనున్నాయన "పెయింట్ కొట్టారండీ" అంటాడు. ఇద్దరికీ జవాబు చెప్పకుండా రేడియోని వెనక్కి తిప్పండి.

[దగ్గరగా: పెట్టె లోపలి గోడలు]

ఈ పెట్టెలు చేసిన బేకలైట్ అనే పాతకాలపు ప్లాస్టిక్ స్వతహాగా ముదురు రంగుది. అందుకే తెలుపో దంతం రంగో కావాలంటే కంపెనీలు యూరియా రెసిన్ అనే మరో ప్లాస్టిక్‌తో పెట్టె అచ్చు పోసేవి. దాన్ని గీకినా లోపల కూడా లేత రంగే. లేదంటే, గోధుమ రంగు పెట్టెకే ఫ్యాక్టరీలో రంగు కొట్టేవాళ్లు. చిక్కంతా వీటితోనే! లోపల గోధుమ రంగు కనబడగానే నకిలీ అనుకుని పెయింట్ రిమూవర్ పూసేస్తున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పోయిన ఫ్యాక్టరీ రంగు మళ్లీ రాదు.

ఏది ముందు పడింది, ఏది దాని మీద పడింది? చూడాల్సింది అదే. ఫ్యాక్టరీలో ఖాళీ పెట్టెకి రంగు కొట్టి ఆరాకే స్పీకర్ గుడ్డ, ఛాసిస్ (లోపలి భాగాలు బిగించిన లోహపు చట్రం), మోడల్ నంబరున్న కాగితం ఎక్కించేవాళ్లు. అంటే కాగితం రంగు మీద ఉండాలి. కాగితం అంచుల మీదికి రంగు పాకిందా, గుడ్డ దారాల్లో తుంపర పడిందా, అది తర్వాతి పనే. నాబ్‌లు లాగి చూడండి. వాటి వెనక రంగు లేకుండా గుండ్రటి మచ్చ మిగిలితే, నాబ్‌లు తియ్యకుండానే ఎవరో కొట్టేశారన్నమాట.

[హెచ్చరిక పట్టీ: ముందు ప్లగ్ తీయండి]

ఇదంతా ప్లగ్ తీశాకే. 1946లో వచ్చిన బుష్ డీఏసీ90 లాంటి ఏసీ/డీసీ (రెండు రకాల కరెంటుతోనూ నడిచే) సెట్లలో ఛాసిస్‌కే కరెంటు తగులుతుంది. నాబ్ తీస్తే బయటపడే ఇనుప కడ్డీ ముట్టుకున్నా షాకే. అన్నట్టు, ఈ మోడల్ గోధుమ రంగులోనూ, దంతం రంగులోనూ కంపెనీయే అమ్మింది.

[దగ్గరగా: చెక్క పెట్టె, అంచుల దగ్గర ముదురు నీడ]

చెక్క పెట్టెల్లో అంచుల చుట్టూ ఈ ముదురు నీడ చూశారా? ఇది మురికి కాదు, ఫ్యాక్టరీలో రంగు కలిపిన లాకర్ అనే మెరుపు పూతతో వేసింది. కొన్ని పెట్టెల మీద చెక్క గీతలు కూడా అచ్చు వేసినవే. ఇసుక కాగితంతో రుద్దితే గీతలతో సహా పోతాయి.

అదనపు రంధ్రాలు కనబడితే కంగారు పడకండి. ఒకే పెట్టెలో కరెంటు సెట్టూ, బ్యాటరీ సెట్టూ బిగించిన కంపెనీలున్నాయి. రంధ్రం అంచు లోపలికి పాలిష్ దిగి ఉంటే పాలిష్ కన్నా ముందు పొడిచిందే. లోపల చెక్క పచ్చిగా మెరుస్తుంటే ఈ మధ్యది. ఫిలిప్స్ వాల్వ్ సెట్లలో మోడల్ నంబరు చివరి అక్షరం కూడా పనికొస్తుంది: ఎ అయితే ఏసీ, యు అయితే ఏసీ/డీసీ, బి అయితే బ్యాటరీ. వెనక అట్ట మీద ఒక అక్షరం, లోపల ఇంకో రకం సెట్టు ఉన్నాయా? అట్టో ఛాసిసో మారింది.

స్క్రూలు కూడా చూడండి. 1931 నాటి ఫిల్కో 90 పెట్టెలో స్టార్ స్క్రూ (తల మీద ప్లస్ గుర్తున్నది) ఉంటే అది తర్వాత వేసిందే, ఎందుకంటే దాని పేటెంట్లు 1936లో వచ్చాయి. అయితే అదే ఫిల్కో 90 లోపల స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ వాల్వులు ఒక సెట్‌లో ఒకలా, ఇంకో సెట్‌లో ఇంకోలా ఉంటే అనుమానించకండి, బయటి పెట్టె మార్చకుండా కంపెనీయే లోపలి సర్క్యూట్ మార్చింది.

కొన్నాక తుడవడానికి తొందరపడకండి. లోపలి కాగితాన్నీ, రంధ్రాలనీ, స్క్రూలనీ దుమ్ముతో సహా ఫోటోలు తీసుకోండి, ఆ తర్వాతే గుడ్డ పట్టండి.