ప్రోటీన్ డబ్బా కొంటున్నారా? ముందు మన శనగల లెక్క చూడండి!

నమస్తే అన్నా, నమస్తే అక్కా. సూటిగా విషయానికి వచ్చేస్తా. ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల కాపురం ఉంటూ ప్రోటీన్ డబ్బా కొనేవాళ్ళు డబ్బుని మురిక్కాలవలో పోస్తున్నారు. పోయిన వీడియోలో ఈ ఒక్క మాట అన్నందుకే కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. "అంకుల్, జిమ్ గురించి మీకేం తెలుసు" అని ఒకడు. "శనగలు తింటే గ్యాస్ వస్తుంది, కండ రాదు" అని ఇంకొకడు. ఇంకో మహానుభావుడైతే నేను శనగల వ్యాపారినని తేల్చేశాడు! సారీ చెప్పి వీడియో తీసేస్తాననుకున్నారేమో. తీయను. ఈసారి కాగితం మీద లెక్క వేసుకుని వచ్చా. మీరూ పెన్ను పట్టుకోండి.

(బల్ల మీద డబ్బా, దాని పక్కన శనగల పొట్లం)

ఇదిగో కిలో డబ్బా. రేటు 2,500 అనుకుందాం. ఇంతకంటే ఖరీదువీ ఉన్నాయి, చవకవీ ఉన్నాయి, మధ్య రకం తీసుకున్నా. దీంట్లో ప్రోటీన్ ఎంత? లేబుల్ మీద ఉన్నది నిజమే అనుకుంటే, మళ్ళీ చెప్తున్నా, నిజమే అనుకుంటే, సుమారు 750 గ్రాములు. అంటే ఒక్కో గ్రాము ప్రోటీన్ మీకు మూడు రూపాయల పైన పడింది.

ఇవి శనగలు. నల్ల శనగలు, ఎర్రగా ఉండేవి, మీరు ఏ పేరుతో పిలిచినా సరే. మా వీధి కొట్లో కిలో 90 రూపాయలు. కిలోకి సుమారు 190 గ్రాముల ప్రోటీన్. గ్రాము అర్ధ రూపాయి కూడా పడలేదు! ఆరేడు రెట్లు తేడా అన్నా. బంగారం కొట్లో గ్రాముకి పది రూపాయలు తేడా వస్తే నాలుగు షాపులు తిరిగే మనం, ఇక్కడ మాత్రం కళ్ళు మూసుకుని ఫోన్‌లో ఆర్డర్ కొట్టేస్తాం. కోడిగుడ్డు తీసుకున్నా అంతే. గుడ్డులో 6 గ్రాములు, గుడ్డు 7 రూపాయలు వేసుకున్నా గ్రాము రూపాయి చిల్లరే.

"అంకుల్, రోజుకి ఎంత ప్రోటీన్ కావాలో మీకు తెలుసా?" తెలుసు నాయనా. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ళు చెప్పేది, మామూలు ఆరోగ్యంతో ఉన్న పెద్దవాళ్ళకి ఒంటి బరువులో కిలోకి 0.83 గ్రాము. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ఇప్పుడు మన ఇంటి కంచంలో ఎంతుందో చూద్దాం. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కలిపి 300 గ్రాముల బియ్యం వండారనుకోండి, అందులోనే 24 గ్రాములు వచ్చేస్తుంది. అన్నంలో ప్రోటీన్ లేదని ఎవరు చెప్పారు మీకు? 50 గ్రాముల కందిపప్పుతో పప్పు చేస్తే 11. పెద్ద గిన్నెడు పెరుగులో 6. ఎంతయింది? 41. ఇంకా 9 తక్కువ. ఆ తొమ్మిదీ గుప్పెడు శనగల్లో ఉంది! 50 గ్రాములు, అంటే నాలుగున్నర రూపాయలు. అయిపోయింది. ఇక డబ్బా ఎక్కడ పెడతారు, ఏ పూట పెడతారు?

జిమ్ తమ్ముళ్ళకి కొంచెం ఎక్కువ కావాలి, ఒప్పుకుంటా. రెండు గుడ్లు, ఇంకో గుప్పెడు శనగలు, ఇడ్లీలోకి గట్టిగా వేరుశనగ చట్నీ. వేరుశనగ గుళ్ళు 25 గ్రాములకి 6 గ్రాముల ప్రోటీన్. చట్నీ పల్చగా నీళ్ళలా చేసి పోసే హోటల్లో తిని, ప్రోటీన్ అందలేదని ఏడిస్తే నేనేం చేయను?

ఇందాక లేబుల్ నిజమే అనుకుంటే అని రెండుసార్లు ఎందుకు అన్నానో చెప్తా. 2024లో కేరళకు చెందిన ఒక లివర్ డాక్టరు, ఆయనతో ఇంకొందరు కలిసి మన దేశంలో అమ్ముతున్న 36 రకాల ప్రోటీన్ డబ్బాలను ల్యాబ్‌లో పరీక్ష చేయించారు. దాదాపు 70 శాతం డబ్బాల్లో ప్రోటీన్ లెక్క లేబుల్‌తో కలవలేదు. కొన్నింట్లో బూజు వల్ల పుట్టే విషం, అఫ్లటాక్సిన్, కనపడింది. అన్ని డబ్బాలూ అంతే అని నేను అనట్లేదు. కానీ మీ చేతిలో ఉన్నది ఆ 70 శాతంలోదో, మిగతా 30 శాతంలోదో మీకెలా తెలుస్తుంది? శనగ గింజలో పుచ్చు ఉంటే మా అమ్మకి కళ్ళజోడు లేకుండానే కనపడుతుంది. అదే 2024 మే నెలలో పోషకాహార సంస్థ 17 సూత్రాలతో ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. కండలు పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్ల జోలికి వెళ్ళొద్దని అందులో ఉంది. నేనంటే అంకుల్. వాళ్ళు కూడా అంకుళ్ళేనా?

సరే, ఇప్పుడు ఒంగోలు గిత్త దగ్గరకి వద్దాం. నవ్వకండి. సంక్రాంతికి బండలాగుడు పందేలు చూశారుగా? ఆ బండ ముందు నిలబడితే మనకి గుండె జారుతుంది. దాన్ని ఈడ్చుకుపోయే గిత్త ఏం తింటుంది? ఉలవలు. పందెం ఎద్దుకి ఉలవలు ఉడికించి పెట్టే రైతుని అడగండి, మీ కోచ్ కంటే వివరంగా చెప్తాడు. ఎద్దు జీర్ణాశయం వేరు, మనది వేరు అని కామెంట్ పెట్టేవాళ్ళు ఉంటారు, పెట్టుకోండి. ఉలవల్లో కూడా వందకి 20 గ్రాముల పైనే ప్రోటీన్ ఉందన్న సంగతి దానివల్ల మారదు. ఆ ఉలవలతోనే చారు కాచి పెళ్ళిళ్ళలో గొప్పగా వడ్డిస్తారు, ఇంట్లో మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

ఒంగోలు జాతి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. మన ఒంగోలు ఆవు బొమ్మ వేసి, ఏ2 నెయ్యి అని రాసి, మామూలు నెయ్యికి రెండు మూడు రెట్ల రేటు పెడుతున్నారు. 2024 ఆగస్టులో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ ఏ1, ఏ2 రాతలు తీసేయమంది. వారం తిరక్కుండా ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. ఎందుకో మీరే ఆలోచించుకోండి. అసలు ఏ2 అనేది పాలల్లో ఉండే ఒక ప్రోటీన్ రకం. నెయ్యి అంటే దాదాపు అంతా కొవ్వే. ప్రోటీన్ లేని చోట ప్రోటీన్ రకం చూపించి డబ్బులు గుంజడం అంటే, అబ్బా, తెలివికి దండం పెట్టాలి.

రొయ్యల సంగతి ఇంకా ఘోరం. నెల్లూరు తీరం పొడవునా చెరువులే. పండేది ఇక్కడ, తినేది అమెరికా. 2025లో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసేసరికి చెరువు రైతుకి నిద్ర పట్టలేదు. అదే సమయంలో మన పిల్లలు విదేశీ పేరున్న ప్రోటీన్ బార్ నములుతున్నారు. మైపాడులోనో కొత్తపట్నంలోనో పొద్దున్నే పడవలు వచ్చే టైముకి వెళ్ళండి. నెత్తళ్ళు కొనుక్కోండి. పెద్ద చేప కొనలేకపోతే తక్కువేం కాదు, ముల్లుతో సహా నమిలితే కాల్షియం కూడా వస్తుంది. పుల్లమామిడి ముక్క వేసి పులుసు పెడితే వంజరం ఎందుకు పనికొస్తుంది?

మళ్ళీ శనగల దగ్గరకి. ఒంగోలు పక్కన నాగులుప్పలపాడు, మద్దిపాడు వైపు శీతాకాలంలో వెళ్తే నల్లరేగడి నేలంతా శనగ చేలే. పెద్దగా నీళ్ళు కూడా అడగదు, నేలలో ఉన్న తేమతో, మంచుతో పండుతుంది. ధర లేక ఆ బస్తాలు కోల్డ్ స్టోరేజీల్లో ఏళ్ళకేళ్ళు మూలిగిన రోజులు మన ప్రకాశం జిల్లా చూసింది. 2025-26 మార్కెటింగ్ సీజన్‌కి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకి 5,650. అంటే రైతుకి కిలోకి 56 రూపాయల 50 పైసలు. ఆ ధరైనా చేతికి వస్తే గొప్ప అనుకునే రైతు పక్క ఊళ్ళోనే ఉన్నాడు. ఆయన కొడుకు ఒంగోలులో రూము తీసుకుని, నాన్న పంపిన డబ్బుతో డబ్బా కొంటున్నాడు. ఎక్కడ చెప్పుకోవాలి ఇది?

మరి శనగలు ఇంట్లోంచి ఎలా పోయాయి? నా థియరీ ఒకటుంది, తిట్టుకున్నా వినండి. శనగల్ని మనం పేరంటానికి అప్పజెప్పేశాం. శ్రావణమాసం వస్తే చాలు, మంగళవారం నోములు, శుక్రవారం వ్రతం, ఎటు చూసినా నానబెట్టిన శనగల వాయనమే. నాలుగిళ్ళకి వెళ్ళొస్తే నాలుగు పొట్లాలు. ఫ్రిజ్‌లో పెడతారు, జిగట పడతాయి, పనమ్మాయికి ఇస్తారు లేదా పారేస్తారు. ఆ నెల దాటితే మళ్ళీ ఏడాది దాకా శనగల మొహం చూడరు. చుట్టాలు వస్తే శనగల కూర పెట్టడానికి నామోషీ, పనీర్ పెడితే గొప్ప. ఆ నామోషీ ఉన్న చోటే డబ్బా కంపెనీ కాలు పెట్టింది. కాదంటారా? ఒక్క అత్తయ్యని అడగండి, పోయిన నెలలో శనగలు ఎన్నిసార్లు వండారని.

వాయనం శనగలు పారేయకండి అక్కా. ఆ రాత్రే కుక్కర్‌లో పెట్టి ఉడికించి, నీళ్ళు వంచి, చిన్న డబ్బాల్లో డీప్ ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు గిన్నెడు తీసి వంకాయ కూరలో వేసుకోవచ్చు. మునక్కాయ పులుసులో వేస్తే ఇంకా బాగుంటుంది. పచ్చివి మిగిలాయా, పచ్చిమిర్చి, అల్లం వేసి గట్టిగా రుబ్బి, పెనం మీద చుక్క నూనెతో వడలు కాల్చండి. మూకుడు నిండా నూనె పోసి ముంచి తీస్తే ఆరోగ్యం మాట నన్ను అడగొద్దు.

గ్యాస్ గురించి అన్నవాళ్ళకి. కడుపులో గ్యాస్, స్టవ్ గ్యాస్, రెండు గ్యాసులకీ మందు ఒకటే, నానబెట్టడం. రాత్రి పడుకునే ముందు గ్లాసు శనగలకి మూడు గ్లాసుల నీళ్ళు పోసి వదిలేయండి. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో నాలుగైదు విజిల్స్. నానబెట్టకుండా పెడితే ముప్పావు గంట స్టవ్ మండుతుంది. రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి సరే, నాలుగోది మన జేబులోదే కదా. ఇక కడుపులో గ్యాస్ అంటారా, తాలింపులో ఇంగువ, కొంచెం అల్లం వేయండి. మొదటి రోజే గిన్నె నిండా తినేసి నన్ను తిట్టకండి, గుప్పెడుతో మొదలుపెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగే తినాలి, ఇందులో నా మాట వినొద్దు.

ఉడికించిన నీళ్ళు, అదే కట్టు, సింకులో పోసేవాళ్ళని చూస్తే నాకు బీపీ వస్తుంది. అందులో చింతపండు పులుసు, మిరియాలు, రెండు వెల్లుల్లి రెబ్బలు నలిపి వేస్తే ఆ పూటకి చారు అయిపోయింది! గింజలకి చెంచా నూనెతో తాలింపు పెట్టి, కొబ్బరి చల్లితే గుగ్గిళ్ళు. సాయంత్రం పిల్లలు బడి నుంచి రాగానే ఆ గిన్నె ముందు పెట్టండి. బిస్కెట్ ప్యాకెట్ అడగడం నెమ్మదిగా తగ్గుతుంది, ఒక్క రోజులో మానతారని నేను చెప్పను, మా ఇంట్లో కూడా యుద్ధమే జరిగింది.

ఇక నెల్లూరు వాళ్ళకి నేను చెప్పేదేముంది, కారం దోశ తెలిసిన చేతులు. ఆ కారం మీద పప్పుల పొడి చల్లుతారు చూడండి, వేయించిన శనగపప్పు, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు కలిపి కొట్టిన పొడి, అదే అసలు ప్రోటీన్ పౌడర్. సీసా నిండా కొడితే వంద రూపాయలు దాటదు. అన్నంలోకి, ఇడ్లీలోకి, ఉప్మా మీదకి. చాక్లెట్ ఫ్లేవర్ ఒక్కటే దొరకదు.

ఒక తెలివైన తమ్ముడు ముందే కామెంట్ పెట్టాడు, శనగ ప్రోటీన్ పూర్తి ప్రోటీన్ కాదు, అందులో కొన్ని అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్‌ని కట్టే ఇటుకలు, తక్కువ అని. కరెక్టే. బియ్యంలో తక్కువైనది పప్పుల్లో ఉంటుంది, పప్పుల్లో తక్కువైనది బియ్యంలో ఉంటుంది. మూడు పాళ్ళు ధాన్యం, ఒక పాలు పప్పు కలిపి తినమని అందుకే అంటారు. పొంగలి, పులగం, ఇడ్లీ సాంబారు, పప్పన్నం, ఇవన్నీ ఏంటి మరి? మా నాయనమ్మ అమైనో ఆమ్లం అనే మాట విని ఉండదు, కానీ ఆమె పెట్టిన కంచంలో ఆ లెక్క తప్పలేదు. నువ్వు రెండున్నర వేలు పెట్టి కొన్న డబ్బా వెనక ఆ అమైనో ఆమ్లాల పట్టికే చిన్న అక్షరాల్లో ఉందేమో, చూసుకో.

ఇప్పుడు మీ పని. మీ ఊళ్ళో ఇవాళ కిలో శనగలు ఎంతో కామెంట్లో పెట్టండి. కందుకూరు, కావలి, దర్శి, పొదిలి, ఆత్మకూరు, ఎవరైనా సరే. మీ ఇంట్లో డబ్బా ఉంటే దాని రేటు కూడా పక్కనే రాయండి, సిగ్గుపడకండి. వచ్చే వీడియో నూనె ప్యాకెట్ మీద. లీటరు అంటే 910 గ్రాములు అని తెలుసు కదా, ఇప్పుడు ఒకసారి లేచి వెళ్ళి మీ వంటింట్లో ఉన్న ప్యాకెట్ మీద ఎన్ని గ్రాములు రాసుందో చూసి రండి. 850 ఉన్నవాళ్ళు ముందు కామెంట్ పెట్టండి, మీతోనే మొదలుపెడతా.