న్యూయార్క్ వద్దనుకున్న ఆటగాణ్ణి బీజింగ్ అక్కున చేర్చుకుంది
(వేసవి బాస్కెట్‌బాల్ శిక్షణ శిబిరం ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, శిబిరాన్ని నడిపించిన కోచ్‌లకు, ఎండనక కోర్టు మీద చెమటోడ్చిన పిల్లలకు, వారిని పొద్దున్నే లేపి పంపిన తల్లిదండ్రులకు నమస్కారం. క్రమశిక్షణ గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. ఆ నాలుగు మాటలూ, అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో ఆడిన స్టెఫాన్ మార్బరీ అనే అమెరికన్ ఆటగాడి గురించే చెబుతాను. ఆయన పేరు ఎత్తగానే, ఆట బాగా తెలిసినవారు సైతం, ‘ఎన్‌బీఏలో చోటు దొరక్క చైనా పోయినవాడు’ అని ఒక్క ముక్కలో తేల్చిపారేయడం నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

మార్బరీ 1977లో న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్‌లోని కోనీ ఐలాండ్‌లో పుట్టాడు. ఏడుగురు సంతానంలో ఆరోవాడు. ముగ్గురు అన్నలూ మంచి ఆటగాళ్లే కానీ ఎన్‌బీఏ గడప తొక్కలేకపోయారు. దాంతో ఇంటిల్లిపాది ఆశలూ ఈ తమ్ముడి భుజాల మీద పడ్డాయి. లింకన్ హైస్కూల్లో పేరు తెచ్చుకుని, జార్జియా టెక్ విశ్వవిద్యాలయానికి ఒక్క ఏడాది ఆడి, ఎన్‌బీఏ జట్లు కొత్తవారిని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 1996లో నాలుగో ఆటగాడిగా ఎంపికయ్యాడు. మిన్నెసోటా, న్యూజెర్సీ, ఫీనిక్స్ జట్లకు ఆడాక, 2004లో సొంత ఊరి జట్టు న్యూయార్క్ నిక్స్‌కు చేరాడు. లీగ్‌లోని మేటి ఆటగాళ్లు తూర్పు, పడమర జట్లుగా ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్‌లో, 2001లో 21 పాయింట్లు వెనకబడిన తూర్పు జట్టు 111-110తో గెలిచిందంటే, చివరి నిమిషంలో ఆయన రెండుసార్లు వేసిన మూడేసి పాయింట్ల షాట్లే అందుకు కారణం. ఎన్‌బీఏలో ఆయన సగటు మ్యాచ్‌కు 19.3 పాయింట్లు, 7.6 అసిస్టులు, అంటే సహచరులు పాయింట్లు చేసేలా అందించిన పాస్‌లు. చేతకానివాడి లెక్కలు ఇలా ఉంటాయా?

న్యూయార్క్‌లో మాత్రం అన్నీ ఎదురు తిరిగాయి. కోచ్‌లతో పొసగలేదు, పత్రికలు వెంటపడ్డాయి. 2007 డిసెంబరులో, నిక్స్ సొంత మైదానమైన మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కొడుకు ఆట చూడటానికి వచ్చిన తండ్రి అదే రోజు గుండెనొప్పితో మరణించారు. ఆట ముగిసేదాకా ఆ సంగతి కొడుకుకు తెలియలేదు. ఆ తర్వాతి సీజన్‌లో జట్టు ఆయనకు దాదాపు 2 కోట్ల డాలర్ల జీతం ఇస్తూనే కోర్టులోకి దిగనివ్వలేదు. 2009లో ఒప్పందం తెంచుకుని, బోస్టన్‌కు కొద్ది నెలలు ఆడాడు. అంతటితో అమెరికాలో ఆయన ఆట ముగిసింది.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా నేను ముందుకు పోలేను. పేరున్న ఆటగాళ్ల బూట్లు నూరు డాలర్లు దాటి అమ్ముడవుతున్న 2006లో, మార్బరీ తన పేరుతో 14.98 డాలర్లకు బాస్కెట్‌బాల్ బూట్లు తెచ్చాడు. అవి వేసుకునే నిక్స్ తరఫున ఆడాడు. పేదల పేటలో పెరిగినవాడు కనుక, బూట్ల కోసం అమ్మానాన్నలను వేధించే పిల్లల సంగతీ, కొనివ్వలేక మొహం చాటేసే తండ్రుల సంగతీ ఆయనకు తెలుసు. వాటిని అమ్మిన స్టీవ్ అండ్ బ్యారీస్ సంస్థ 2008లో దివాలా తీయడంతో ఆ ప్రయత్నం దెబ్బతింది. ఈ సభలో బిడ్డ బూట్ల కోసం చీటీ పాడిన తల్లి కూర్చుని ఉందని నాకు తెలుసు. అమ్మా, ఒక కోటీశ్వరుడు మీ గురించి ఆలోచించిన రోజు ఒకటి ఉందని మీకు చెప్పాలనిపించింది.

2010 జనవరిలో ఆయన బొగ్గు గనుల ప్రాంతమైన షాన్‌షీ రాష్ట్రంలో, తైయువాన్ నగరపు జట్టులో చేరాడు. ఆ బూట్ల వ్యాపారాన్ని చైనాలో నిలబెట్టాలన్న ఆలోచన కూడా అందుకు ఒక కారణం. విదేశాలకు వెళ్లే ఆటగాడి బతుకు ఎలా ఉంటుందో పిల్లలు తెలుసుకోవాలి. అప్పట్లో చైనా లీగ్‌లో జట్టుకు విదేశీయులు సాధారణంగా ఇద్దరే. ఒప్పందం ఎక్కువగా ఒక్క సీజన్‌కే ఉండేది. పాయింట్ల భారమంతా ఆ ఇద్దరి మీదే వేసేవారు, వరసగా ఓడితే ముందు వారినే ఇంటికి పంపేవారు. జీతం బకాయిల తగాదాలు దేశదేశాల్లో ఎంతగా పెరిగాయంటే, వాటిని తీర్చడానికే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య 2007లో జెనీవా కేంద్రంగా ప్రత్యేక ట్రిబ్యునల్ పెట్టవలసి వచ్చింది. మార్బరీకీ ఆ అనిశ్చితి తప్పలేదు. షాన్‌షీ తర్వాత ఫోషాన్, అక్కడ ఒక్క సీజన్, ఆ తర్వాత 2011లో బీజింగ్ డక్స్ జట్టు. అప్పటికి ఆయన వయసు 34. ఆ వయసులో మూడోసారి కొత్త ఊళ్లో, భాష రాని సహచరుల మధ్య మొదటి రోజు నుంచి మొదలుపెట్టడాన్ని మించిన క్రమశిక్షణ ఏముంటుందో, నాకు ఆ అంశం ఇచ్చిన నిర్వాహకులే ఆలోచించాలి.

బీజింగ్ డక్స్ అంతవరకు ఒక్కసారి కూడా లీగ్ టైటిల్ గెలవలేదు. 2012 ఫైనల్లో ఎదురైన గ్వాంగ్‌డాంగ్ అంతకుముందు ఎనిమిదేళ్లలో ఏడుసార్లు విజేత. సిరీస్‌ను బీజింగ్ 4-1తో ముగించింది. మార్చి 30న జరిగిన అయిదో మ్యాచ్‌లో 124-121తో గెలిస్తే, అందులో 41 పాయింట్లు మార్బరీవే. ఆట అయిపోగానే ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు. అయినా ఫైనల్ ఉత్తమ ఆటగాడి అవార్డు ఆయనకు దక్కలేదు, ఎందుకంటే అప్పట్లో విదేశీయులకు దాన్ని ఇచ్చేవారు కాదు. ఆ లోటు ఊరు తీర్చింది. అదే ఏడాది బీజింగ్‌లో స్టేడియం బయట ఆయన విగ్రహం నిలబెట్టారు. 2014లో షిన్‌జియాంగ్ మీద, 2015లో లియావోనింగ్ మీద గెలిచి డక్స్ మరో రెండు టైటిళ్లు అందుకుంది. 2015లో ఆ అవార్డు కూడా ఆయన చేతికి వచ్చింది.

టైటిళ్లకన్నా నన్ను కదిలించేది ఆయన అక్కడ బతికిన తీరు. ట్రాఫిక్ ఎక్కువగా ఉంటే మెట్రో ఎక్కి, జనం మధ్య నిలబడి ప్రయాణం చేశాడు. గెలిచినప్పుడు సహచరులను ముందుకు నెట్టి మాట్లాడాడు. బీజింగ్ ఆయనను గౌరవ పౌరుణ్ణి చేసింది, చైనా ప్రభుత్వం శాశ్వత నివాస హక్కు ఇచ్చింది. 2018 ఫిబ్రవరిలో, 41వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, బీజింగ్‌లోనే మరో జట్టు తరఫున ఆడిన చివరి మ్యాచ్‌లో 20 పాయింట్లు చేసి ఆట విరమించాడు. మరుసటి ఏడాది అదే జట్టుకు కోచ్ అయ్యాడు. 2020లో న్యూయార్క్ ఆస్పత్రులకు మాస్కులు కరువైనప్పుడు, చైనా తయారీదారులతో మాట్లాడి కోటి మాస్కులు పంపించే ప్రయత్నం చేసింది కూడా, ఆ నగరం వెళ్లగొట్టిన ఈ ఆటగాడే.

క్రమశిక్షణ గురించి రాసుకొచ్చిన మిగతా కాగితాలు పక్కన పెడుతున్నాను. అధ్యక్షులవారికి నాదొక్కటే విన్నపం. ఈ వేదిక మీద మా అందరికీ శాలువాలు కప్పి జ్ఞాపికలు ఇచ్చారు, అందుకు కృతజ్ఞతలు. వచ్చే ఏడాది ఆ పద్దు మొత్తాన్ని శిబిరం పిల్లల బూట్లకు కేటాయించండి. నా శాలువా ఖర్చుతో పాటు, నా వంతుగా ఆరు జతల డబ్బు ఈ రోజే కోశాధికారి గారికి కడతాను. మిగిలిన జతల లెక్క తల్లిదండ్రులు లేచి వెళ్లకముందే ఇక్కడే తేల్చమని కోరుతున్నాను.