బోర్డు ఎత్తెంత, డబ్బా ఎక్కడ, చెట్టు ఎవరిది? హైదరాబాద్ జోనింగ్ నిబంధనలపై స్టూడియో చర్చ

(కాలనీలో ఖాళీ ప్లాటులో పెట్టిన ఒక కంటైనర్ హోటల్‌ను అధికారులు సీల్ చేశారు. మర్నాడు ఆ వీధి దుకాణాల వాళ్లంతా షట్టర్లు దించేశారు. ఆ గొడవ మీద జరిగిన చర్చలో ముఖ్యమైన భాగం ఇది. ఒకరి మీద ఒకరు అరుచుకుని మాటలు వినపడని చోట చుక్కలు పెట్టాం. రెండు పక్షాలకూ సమాన సమయం ఇస్తామని మొదట్లో చెప్పారు. ఎవరికెంత దక్కిందో చదువుతుంటే మీకే తెలుస్తుంది.)

యాంకర్: నమస్కారం. పచ్చదనం, కంటైనర్లు, బోర్డులు. ఈ మూడింటి మీద రూల్స్ మార్చాలని వ్యాపారులు, ఉన్నవి అమలు చేస్తే చాలని కాలనీలవాళ్లు పట్టుబడుతున్నారు. ముందు వ్యాపారుల సంఘం ప్రతినిధి. సార్, సూటిగా అడుగుతాను, మీ బోర్డుల మీద తెలుగు ఎందుకు కనపడదు?

వ్యాపారి: దానికి వస్తానండీ. ముందు కడుపు మాట మాట్లాడదాం. మెయిన్ రోడ్డులో మడిగె అద్దె కట్టలేకే కదా కుర్రాడు సెకండ్ హ్యాండ్ కంటైనర్ కొనుక్కుని నాలుగు దోసెలు పోసుకుంటున్నాడు? పునాది తీశాడా? స్లాబు వేశాడా? క్రేన్ తెస్తే అరగంటలో లేచిపోయే డబ్బాకి బిల్డింగ్ పర్మిషన్ ఏంటండీ?

రిటైర్డ్ టౌన్ ప్లానింగ్ అధికారి: పర్మిషన్ ఎందుకంటే, చట్టం...

వ్యాపారి: ఒక్క నిమిషం సార్. మీరు ముప్పై ఏళ్లు మాట్లాడారు, మేం విన్నాం. ఇప్పుడు మీరు వినండి.

(నవ్వులు)

వ్యాపారి: 75 గజాల లోపు ఇల్లయితే ఆన్‌లైన్‌లో భవన అనుమతులిచ్చే టీఎస్ బీపాస్‌లో రిజిస్టర్ చేసుకుంటే చాలన్నారు. 20 అడుగుల కంటైనర్ ఎంతుంటుంది? వెడల్పు 8 అడుగులు. గజాల్లో చూస్తే 18 కూడా రాదు. ఇంటికి లేని అడ్డు డబ్బాకి ఎందుకు?

అధికారి: ఎందుకంటే అది ఇల్లు కాదు, హోటల్. నివాస జోన్‌లో వ్యాపారం చేసుకోవాలంటే లెక్క వేరు. ఇక డబ్బా భవనం కాదన్న మాట. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలో భవనానికి నిర్వచనం తీసి చూడండి. షెడ్డు, గుడిసె, గోడ, కంచె, అన్నీ అందులోకే వస్తాయి. ఇటుకతో కట్టినా, చెక్కతో కట్టినా, లోహంతో చేసినా అంతే. చక్రాలు లేవు కదా అంటే, పునాది కూడా లేదు కదా అని వాదిస్తారు, మాకు తెలుసు...

వ్యాపారి: 1955! ఓడరేవుల్లో కూడా కంటైనర్లు లేని రోజులండీ అవి. అప్పటి చట్టంతో ఇప్పుడు నన్ను కొడతారా?

యాంకర్: బాగా చెప్పారు. (అధికారితో) సార్, మరి చట్టాలు మారాలిగా?

అధికారి: నన్ను పూర్తి చెయ్యనిస్తే...

యాంకర్: వస్తాను, వస్తాను. మేడమ్, కాలనీ సంక్షేమ సంఘం తరఫున మీరు.

కాలనీ ప్రతినిధి: మా గొడవ దోసెల మీద కాదండీ. ఆ కంటైనర్‌కి డ్రైనేజీ కనెక్షన్ లేదు. అంట్లు కడిగిన నీళ్లు వాననీటి కాలువలోకి వదులుతారు. జనరేటర్ మా వంటింటి కిటికీ కింద. రాత్రి ఒంటిగంట దాకా బైకులు. గేటు ముందు నుంచి కారు తియ్యాలంటే వాళ్లకి దండం పెట్టాలి. మొదట ఒకటే వచ్చింది, సామాను పెట్టుకోవడానికని పక్కన రెండోది దించారు. ఆర్నెల్లకి దాని మీదకి ఇనప మెట్లు వేసి పైన కుర్చీలు...

వ్యాపారి: తింటున్నది ఎవరమ్మా? మీ కాలనీ పిల్లలే కదా? స్విగ్గీలో ఆర్డర్ పెట్టేదీ మీరే, కంప్లైంట్ పెట్టేదీ మీరే.

కాలనీ ప్రతినిధి: నేను పెట్టలేదండీ ఆర్డర్. వ్యక్తిగతంగా...

యాంకర్: మేడమ్, ఆ హోటల్ బోర్డు ఏ భాషలో ఉంది?

కాలనీ ప్రతినిధి: (కాసేపు ఆగి) ఇంగ్లిష్‌లో. కానీ నేను చెప్తున్నది డ్రైనేజీ...

యాంకర్: చూశారా! దుకాణాల చట్టం రూల్స్ ప్రకారం పేరు బోర్డు మీద తెలుగు ఉండాలి, వేరే భాష రాస్తే తెలుగు కిందే రాయాలి. కర్ణాటకలో 60 శాతం కన్నడ ఉండాలని చట్టమే తెచ్చారు. ఆర్కిటెక్ట్ మేడమ్, మీరేమంటారు?

ఆర్కిటెక్ట్: తెలుగు ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ బోర్డు ఏ భాషలో ఉన్నా, మీద పడితే ప్రాణం పోతుంది. 2024 మే 13న ముంబై ఘాట్కోపర్‌లో పెట్రోల్ బంకు మీద హోర్డింగ్ కూలి 17 మంది పోయారు. అక్కడ 40 బై 40 అడుగులు మించకూడదు, అది సుమారు 120 బై 120 ఉంది. మన హైదరాబాద్‌లో కట్టడాలు తట్టుకోవాలని లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకి 44 మీటర్లు, అంటే గంటకి 158 కిలోమీటర్లు. ఆ గాలి వస్తే 20 బై 40 అడుగుల హోర్డింగ్ మీద ఎనిమిది టన్నులకు పైగా తోపుడు పడుతుంది. మేడ మీద నాలుగు యాంగిళ్లు నిలబెట్టి, పిట్టగోడకి బోల్టులు బిగిస్తే ఆగుతుందా? జీవో 68 అందుకే...

వ్యాపారి: వచ్చింది! జీవో 68! నేనే అడుగుదామనుకున్నా.

ఆర్కిటెక్ట్: నేనింకా...

వ్యాపారి: 2020లో తెచ్చారు. భూమి నుంచి 15 అడుగులు దాటితే ప్రకటన ఉండకూడదట. ఫ్లైఓవర్ పక్కన షాపుంటే 15 అడుగుల్లోపు బోర్డు ఎవడికి కనపడుతుంది? పిల్లర్‌కి కనపడుతుంది! మరి మెట్రో పిల్లర్ల మీద ప్రకటనలు కనపడట్లేదా? బస్ షెల్టర్ మీద? ప్రభుత్వం అమ్ముకుంటే ఆదాయం, మేం పెట్టుకుంటే నేరం. ఇక పుట్టినరోజు ఫ్లెక్సీల సంగతి చూడండి. చౌరస్తాలో సిగ్నల్ లైటు కనపడకుండా నాయకుడి ముఖం కడతారు. ఒక్కడికైనా నోటీసిచ్చారా?

(కాలనీ ప్రతినిధి, ఆర్కిటెక్ట్ ఇద్దరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం నలుగురూ ఒప్పుకున్న మాట బహుశా ఇదొక్కటే.)

అధికారి: ఫ్లెక్సీలు కూడా తీయిస్తున్నారండీ. ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక హోర్డింగులు కూడా...

వ్యాపారి: ఎవరివి తీశారో, ఎవరివి వదిలేశారో లిస్టు పెట్టమనండి.

ఆర్కిటెక్ట్: ఫ్లెక్సీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే తప్పుడు ఫ్లెక్సీ ఉంది కాబట్టి మేడ మీద హోర్డింగ్ కూడా ఉండనివ్వండి అనడం...

వ్యాపారి: నేనలా అన్లేదు. 15 అడుగులు కాస్తా 30 చెయ్యండి అంటున్నా. ఇంజనీర్ సర్టిఫికెట్ తెస్తాం.

ఆర్కిటెక్ట్: ఘాట్కోపర్ దానికీ సర్టిఫికెట్ ఉందిగా!

వ్యాపారి: ...... ముంబై సంగతి ముంబైలో ......

యాంకర్: ఒక్కొక్కరు, ప్లీజ్! ఇద్దరూ ఒకేసారి అరిస్తే ప్రేక్షకులకి ఏమీ వినపడదు. సరే, పచ్చదనం. సార్, క్లుప్తంగా.

అధికారి: 2012 నాటి భవన నిబంధనల జీవో 168. 300 చదరపు మీటర్లు దాటిన ప్లాటైతే ప్రహరీ వెంట కనీసం 1 మీటరు వెడల్పున పచ్చని పట్టీ వదలాలి. హైరైజ్, అంటే ఎత్తైన భవనం అయితే స్థలంలో 10 శాతం టాట్ లాట్, అంటే పిల్లలు ఆడుకునే ఖాళీ జాగా. ప్లాన్‌లో అందరూ ఆకుపచ్చ రంగేస్తారు. ఓసీ, అంటే భవనంలో ఉండొచ్చన్న సర్టిఫికెట్ చేతికొచ్చాక ఆ పట్టీ మీద టైల్స్ పరుస్తారు, దాని మీద వాచ్‌మన్ గది, జనరేటర్, ఇప్పుడు కంటైనర్. ఈ మూడు సమస్యలూ వేరువేరు కాదండీ, మూడూ ఆ సెట్‌బ్యాక్‌లోనే, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగాలోనే ఉన్నాయి. కింద నేల మూసేస్తే వాన నీరు ఎటు పోవాలి? రోడ్డు మీదకే. నేనన్నది ఇదే, గంట నుంచి...

వ్యాపారి: చెట్లంటారా? హరితహారంలో ప్రభుత్వం నాటిన కోనోకార్పస్ మొక్కల మాటేంటి? డివైడర్ల నిండా నాటారు, తర్వాత వద్దన్నారు. గుజరాత్‌లో 2023లో నిషేధించారు. ఆంధ్రాలో పవన్ కళ్యాణ్ గారు కూడా నాటొద్దన్నారు. నాటమన్నదీ వాళ్లే, నరకమన్నదీ వాళ్లే. అలాంటివాళ్లు నా షాపు ముందు ఏ మొక్క ఉండాలో చెప్తారా?

కాలనీ ప్రతినిధి: మా పార్కులో కూడా అవే ఉన్నాయి. పూత టైములో దగ్గు, తుమ్ములు...

యాంకర్: ఆసక్తికరం! కోనోకార్పస్ నిజంగా అలర్జీ తెస్తుందా?

ఆర్కిటెక్ట్: పుప్పొడితో ఇబ్బందని ఫిర్యాదులున్నాయి. వేర్లు పైపుల్లోకి పోతాయంటారు. నేను వృక్ష శాస్త్రవేత్తను కాదు. మనం సెట్‌బ్యాక్ గురించి...

(తర్వాత దాదాపు పది నిమిషాలు కోనోకార్పస్ మీదే నడిచింది. ఎవరూ కొత్తగా చెప్పిందేమీ లేదు గనుక వదిలేశాం. సెట్‌బ్యాక్ గురించి అధికారి మొదలుపెట్టిన మాట మళ్లీ ఎత్తుకోలేదు. నిజానికి చర్చకి కీలకం అదే.)

యాంకర్: టైమ్ అయిపోతోంది. ఒక్కొక్కరు ఒక్క వాక్యం. మేడమ్?

కాలనీ ప్రతినిధి: కంటైనర్లు వద్దని మేమనట్లేదు. కమర్షియల్ రోడ్ల మీద పెట్టుకోండి, ఏడాదికోసారి రెన్యూవల్ పెట్టండి, డ్రైనేజీ ఉందో లేదో చూసి ఇవ్వండి...

యాంకర్: థాంక్యూ మేడమ్. సార్?

అధికారి: కొత్త రూల్ రాసే ముందు వార్డుకి ఎంతమంది సిబ్బంది ఉన్నారో లెక్క చూడమనండి. ఉన్న రూల్‌కే మనుషులు లేరు.

యాంకర్: ఆర్కిటెక్ట్ మేడమ్, సమయం లేదు, సారీ. (వ్యాపారితో) చివరిగా మీరు.

వ్యాపారి: నాలుగు మాటలు. ఒకటి, కంటైనర్‌కి ట్రేడ్ లైసెన్స్ ఇవ్వండి, మిగతావి అడక్కండి. రెండు, బోర్డు ఎత్తు 30 అడుగులు. మూడు, చెట్లు మా ఇష్టం. నాలుగు, మీరు ఇందాకటి నుంచి అడుగుతున్నారు కాబట్టి, తెలుగులో రాస్తాం! 30 అడుగులిస్తే 15 అడుగులు తెలుగుకే ఇస్తాం!

యాంకర్: అద్భుతం! ప్రేక్షకులారా, విన్నారుగా, తెలుగు బోర్డుకి వ్యాపారులు సిద్ధం. మరి ప్రభుత్వం?

ఆర్కిటెక్ట్: అది బేరం అండీ, 15 అడుగుల పైన ఏముంటే అది గాలికి...

యాంకర్: బ్రేక్ తర్వాత పెట్రోల్ ధరల మీద మరో ప్యానెల్. చూస్తూనే ఉండండి.