గాయుస్: 'సి' అని రాసి 'గా' అని పలికిన రోమన్ పేరు

[తెరపై: రోమన్ శిలాశాసనం. మొదట చెక్కిన 'సి' అక్షరం దగ్గరగా]

జూలియస్ సీజర్ అనగానే అందరికీ తెలుసు. కానీ జూలియస్ ఆయన సొంత పేరు కాదు, వంశం పేరు. సీజర్ అనేది ఆ వంశంలో ఆయన శాఖ పేరు. ఇంట్లో పెట్టిన పేరు గాయుస్. తండ్రి పేరూ అదే. క్రీ.పూ. 63లో పుట్టిన మొదటి రోమన్ చక్రవర్తి అగస్టస్ అసలు పేరు గాయుస్ ఆక్టేవియస్. కాలిగులా చక్రవర్తి కూడా గాయుసే. కాలిగులా అన్నది చిన్నప్పుడు సైనికులు పెట్టిన ముద్దుపేరు. తెలుగు బైబిల్ చదివేవాళ్ళకు ఈ పేరు ముందే పరిచయం: యోహాను మూడవ పత్రికలోని 'గాయు' ఇదే.

ఇంతమందికి ఒకే పేరెందుకు? చక్రవర్తులు రాకముందు రోమ్‌లో ఉన్న రిపబ్లిక్ చివరి రోజుల్లో పెద్ద కుటుంబాలు మగపిల్లలకు పెట్టే పేర్లు మొత్తం ఇరవై లోపే. అందుకే రాతలో పొడి అక్షరాలు సరిపోయేవి: మార్కస్‌కు 'ఎం', లూసియస్‌కు 'ఎల్'. గాయుస్‌కు మాత్రం 'జి' కాదు, 'సి'.

[తెరపై: 'సి' అక్షరం, దానికి చిన్న గీత చేరి 'జి'గా మారడం]

ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. గ్రీకుల 'గామా' అక్షరం రోమ్‌కు ఉత్తరాన ఉండే ఎట్రస్కన్ల చేతుల మీదుగా రోమ్‌కు చేరింది. ఎట్రస్కన్ భాషలో 'గ' ధ్వని లేదు, వాళ్ళు ఆ అక్షరాన్ని 'క'కు వాడుకున్నారు. దాంతో రోమన్లు మొదట్లో 'క', 'గ' రెంటికీ 'సి'తోనే సరిపెట్టుకున్నారు. క్రీ.పూ. మూడో శతాబ్దంలో దానికి చిన్న గీత చేర్చి 'జి' చేశారు. ఆ పని చేసింది బడి నడిపిన స్పూరియస్ కార్విలియస్ అని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. కొత్త అక్షరం వచ్చినా, గాయుస్ పొడి అక్షరం మాత్రం పాతదే ఉండిపోయింది. రాయడం 'సి', పలకడం గా-ఇ-ఉస్, మూడు ముక్కలుగా.

ఇక అర్థం. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా 'సంతోషించేవాడు' అనే ఉంటుంది. రోమన్లే ఈ పేరును సంతోషించడం అనే అర్థమున్న 'గౌదేరే' క్రియతో ముడిపెట్టారు. కానీ భాషాశాస్త్రవేత్తలు దాన్ని ఖాయం చేయలేదు. ఎట్రస్కన్ మూలం కావచ్చనే వాదన కూడా ఉంది. పిల్లాడికి పేరు వెతికేవాళ్ళు ఎవరైనా నన్నడిగితే, 'సంతోషం' అని గట్టిగా చెప్పను.

వాడుకలో దీనికొచ్చిన అర్థం మాత్రం స్పష్టం: 'ఎవరైనా ఒక మనిషి'. రోమన్ పెళ్ళిలో వధువు చెప్పే మాట, "నువ్వు గాయుస్ అయిన చోట నేను గాయా." వాళ్ళ అసలు పేర్లు ఏవైనా సరే, ఆ మాట అదే.

[తెరపై: తిరగేసిన 'సి', పక్కన 'ఎల్']

సమాధిరాళ్ళ మీద ఈ గుర్తు చూడండి. తిరగేసిన 'సి' అంటే గాయా, అంటే ఎవరో ఒక స్త్రీ. ఇక్కడ 'ఎల్' అంటే లూసియస్ కాదు, విడుదలైన బానిస. ఒక స్త్రీ విడిపించిన బానిస అని చెప్పడానికి ఈ రెండక్షరాలు చాలు. యజమానురాలు గాయా కానక్కర్లేదు.

రెండో శతాబ్దంలో ఒక గాయుస్ న్యాయశాస్త్ర విద్యార్థుల కోసం 'ఇన్‌స్టిట్యూట్స్' రాశాడు. 1816లో నీబూర్ అనే జర్మన్ చరిత్రకారుడు ఆ ప్రతిని ఇటలీలోని వెరోనాలో, అవే పుటల మీద తర్వాత రాసిన క్రైస్తవ గురువు సెయింట్ జెరోమ్ ఉత్తరాల కింద, చెరిపేసిన పాత రాతగా గుర్తించాడు. రోమన్ చట్టం గురించి మనకున్న ముఖ్యమైన ఆధారాల్లో ఆ పుస్తకం ఒకటి. ఆ రచయిత వంశం పేరు మాత్రం ఎక్కడా దొరకలేదు.